రాజోలి తోడు

నూరున్నీసా అమ్మే పెరుగు ఎలా ఉంటుందో కొల్లాపూర్‌లో ఎవరినడిగినా చెబుతారు. ముంత బోర్లించినా కదలదు. ఆ తోడు రాజోలిలో ఆమె తల్లి చేతిది. పెళ్లయి వచ్చేటప్పుడు చిన్న గిన్నెలో తెచ్చుకుని, ఇరవై ఆరేళ్లుగా రోజూ కాస్త మిగిల్చి మళ్లీ పాలలో కలుపుతోంది. తల్లి పోయి నాలుగేళ్లు. పొద్దున్నే ఆ పెరుగు నాలుక మీద వేసుకుంటే చాలు, తుంగభద్ర గాలి తగిలినట్టు, పక్కనెవరో నడిచినట్టు ఉంటుంది. నవ్వేవాళ్లు నవ్వుకోనీ.

మొన్న ఎండాకాలం రెండు ముంతలు తోడుకోలేదు. అమ్మ తోడు వృథా పోకూడదని, ఆ పలుచని పాలనే గరిటెడు చొప్పున కొత్త ముంతలన్నిట్లో కలిపింది పిచ్చితల్లి. మర్నాటికి ఒక్కటీ పేరుకోలేదు. పక్కింటి సుభద్రమ్మ తన తోడు ఇస్తానంది. వద్దని తలుపేసుకుని ఏడ్చింది.

వనపర్తిలో డిగ్రీ చదువుతున్న అక్క కూతురు తహసీన్ వచ్చి ముంతలు చూసింది.

"ఖాలా, పాలను పెరుగు చేసేటియి కంటికి కనపడని జీవాలు. వాటికి గూడ వైరస్ తగుల్తది. తన రాత, అదే డీఎన్ఏ, వాటి లోపలికి ఎక్కించి సంపుతది. అదే అయ్యుంటది. నువ్వేమో ఆ పాలనే అన్నిట్ల పోస్తివి."

"అంటే అమ్మ తోడును నేనే సంపితినా?"

"జర ఆగు, పారబొయ్యకు. కోట్లల్ల ఒకటో రెండో ఆ రాతల నుంచి ఓ ముక్క కత్తిరించి దాచుకుంటయి. మల్ల అదే వైరస్ వస్తే గుర్తుపట్టి నరుకుతయి. వాటి పిల్లలకు గూడ ఆ గుర్తు పోతది."

నూరున్నీసా పేరుకోని ముంతల్లో ఒకదాన్ని పాత దుపట్టాలో చుట్టి, రోజూ కాసిన్ని కాచి చల్లార్చిన పాలు పోసింది. మధ్యాహ్నం దాని పక్కనే కునుకు తీస్తే, ఆ తెల్లని చీకట్లో ఎవరో ఒంటరిగా, శత్రువు రాతముక్కను గుండెకు హత్తుకుని తిరుగుతున్నట్టు అనిపించింది. చుట్టూ అంతా పోయినవాళ్లే. నిద్రలోనే ఆమె చేయి ముంత మీదికి పోయింది.

నాలుగో రోజు పల్చగా మీగడలా తోడుకుంది. వేలితో రుచి చూసింది. పులుపు కాస్త ఎక్కువ.

"ఇది అమ్మదేనా, బేటీ?"

తహసీన్ అబద్ధమాడలేకపోయింది. "పాతయి పోయినయి ఖాలా. ఇవి ఆ దెబ్బకు ఓర్సుకున్నయి. దాని గుర్తు వీటిల్ల ఉంటది."

నూరున్నీసా కళ్లు తుడుచుకుంది.

"అమ్మ పోయినంక నేను మాత్రం పాత నూరునేనా?" అంటూ గోరువెచ్చని పాలగిన్నె దగ్గరికి లాక్కుంది.