వెనక తలుపు మీద చప్పుడు

కొత్తకోట బజారులో దయ్యంతో బేరమాడిన మొనగాణ్ణి నేనే! మా వీధికి కరెంటు రాని రోజులవి. అమ్మ పోయిన కొత్తలో, దీపాలు పెట్టే వేళకు దుకాణం వెనక తలుపు ఎవరో కొట్టేవారు.

"అత్తమ్మే! బెల్లమంటే ఆమెకు పాణం" అంది నా భార్య.

గడపవతల చిన్న ముక్క పెట్టి తలుపేస్తే చప్పుడు ఆగేది. దండగ ఖర్చని ఒక సాయంత్రం మానేశాను. తలుపు విరిగేలా దెబ్బలు!

"జర పెట్టుండ్రి, కోపమొచ్చింది!"

"ఇప్పుడు పెడితే రోజూ గిట్లనే బాదుతది" అన్నాను తలుపుకు బియ్యం బస్తా అడ్డం పెడుతూ.

రోజులు గడిచేకొద్దీ దెబ్బలు తగ్గి, ఆగాయి. వచ్చింది అమ్మేనా అన్న అనుమానం తీరక మళ్లీ బెల్లం పెట్టాను. మర్నాడు మళ్లీ చప్పుడు! గడియ తీశాను. కళ్లు మెరుస్తూ పక్కింటి నేతాయన మేక.

"పోయిన మీ అవ్వ చేసిన అలవాటే, సేటూ! రోజూ బెల్లం పెట్టేది" అన్నాడాయన, మేకను వెతుక్కుంటూ వచ్చి.

చివరి లెక్క ఇది: బెల్లం ఖర్చు తగ్గలేదు. భయం పోయింది. అమ్మ వస్తోందన్న ధైర్యమూ దాంతోనే పోయింది.