డబ్బాడు ఇటలీ

మలాయాలో ఈ బాగన్ దాతుక్ కొబ్బరి తోటల్లో ఎంతమంది తెలుగువాళ్ళు పుట్టి పోయారో గాని, ఇటలీ దేశపు పౌరసత్వం మాత్రం మా కుటుంబానికొక్కదానికే దక్కింది. ఆ దేశపు రాజుగారి ముద్ర పడింది. పెనాంగ్ నుంచి ఒక పెద్ద దొర పనిగట్టుకు వచ్చి, మా కూలీల లైనింటి గుమ్మంలో నిలబడి నాతో చెయ్యి కలిపి వెళ్ళాడు. కాఫీకడలో ఈ మాట చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు నాకు కాఫీ ఇప్పిస్తారు.

సరే, ముద్ర పడలేదు. పెద్ద దొరా రాలేదు. కుటుంబం అన్నది కూడా కొంచెం సాగదీసిందే. మా పిల్ల ఒక్కర్తే. మిగతాది నిజం.

అప్పట్లో నేను కొబ్బరి ఎండబెట్టే బట్టీలో మంట చూసేవాణ్ణి. నూనె మిల్లులో యంత్రాలు బాగుచేయడానికి ఒక ఇటలీ ఆయన ఉండేవాడు. తెల్లవాడే గాని ఇంగ్లీషు దొరలు ఆయన్ని తమ బల్ల దగ్గర కూర్చోనిచ్చేవారు కాదు. నా పెళ్ళాం ఆయన ఇల్లు ఊడ్చేది. నాకూ ఆయనకూ మధ్య నడిచేది వచ్చీరాని మలాయి మాట.

ఆయన వరండాలో ఒక కిరసనాయిలు డబ్బా, అందులో అంజూర మొక్క. వాళ్ళమ్మ పెరట్లో కొమ్మ విరిచి, అక్కడి మట్టితో సహా డబ్బాలో పెట్టుకుని, ఓడలో తన తాగేనీళ్ళు దానికి పోస్తూ తెచ్చుకున్నాడట. ఒక తోటకు తోటే తెచ్చాడని నేను చాలాకాలం చెప్పాను. ఒక్క డబ్బాయే.

అంతలో కొబ్బరికి గిరాకీ పడిపోయింది. ఏరేవాళ్ళు లేక కాయలు చెట్ల కిందే మొలకలెత్తాయి. బట్టీలు ఒక్కొక్కటీ ఆర్పేశారు. కూలీలను కుటుంబాలతో సహా ఓడెక్కించి ఇండియాకు పంపేస్తారని చెప్పుకున్నారు. ముందు పంపేది చంటిపిల్లలున్న వాళ్ళనేనని మా కూలీల మేస్త్రీ, కంగాణి, అన్నాడు. నా పెళ్ళానికి అప్పటికి నెలలు నిండుతున్నాయి. ఇండియాలో చికాకోలు పక్క మా ఊరిని నేను మా నాన్న భుజం మీంచి చూసిందే ఆఖరు. అక్కడ మాకు గడ్డిపోచంత నేల లేదు. ఆ ఊరి పేరు వింటే నాకు ఆకలి తప్ప ఇంకేమీ గుర్తురాదు.

ఒక సాయంత్రం ఆ ఇటలీ ఆయన చుట్ట ముట్టించుకోడానికి నా బట్టీ దగ్గరికి వచ్చాడు. మీ దేశంలో కూడా మనిషిని ఇలా ఓడెక్కించి తోలేస్తారా అని అడిగాను. తమ దేశంవాణ్ణి ఎవరూ తోలలేరు అన్నాడు. మీ దేశంవాడు కావాలంటే ఏం చెయ్యాలి అన్నాను. రెండే దారులన్నాడు. అక్కడి పుట్టుకైనా ఉండాలి, లేదంటే ఏళ్ళ తరబడి అక్కడ కాపురముండి రాజుగారికి అర్జీ పెట్టుకోవాలి. చెప్పి నవ్వాడు. నేను నవ్వలేదు.

కాపురం నావల్ల కాదు. ఇక మిగిలింది పుట్టుక. ఆయన చెప్పింది తండ్రి రక్తం గురించి అని తర్వాత ఎప్పటికో తెలిసింది. మావాళ్ళలో పుట్టుక అంటే ఒకటే అర్థం. ఎవరి బొడ్డు ఏ మట్టిలో పూడిస్తే వాళ్ళు ఆ మట్టి మనుషులు. ఎవడిది ఏ ఊరన్న తగువు వస్తే, పెద్దలు ముందు అడిగేది బొడ్డెక్కడ పూడ్చారనే.

వానల్లో పిల్ల పుట్టింది. బొడ్డు ఊడిన రోజు దాన్ని పసుపుగుడ్డలో మూటగట్టి, ఆయన మిల్లులో ఉన్న వేళ చూసి వరండా ఎక్కాను. అంజూరం మొదట్లో వేలితో గుంట తీసి పూడ్చాను. ఆయన టోపీ తీసి నిలబడ్డాడని కాఫీకడలో చెబుతుంటాను. నిలబడింది ఒక కోడిపెట్ట.

ఓడెక్కే వంతు మాకూ వచ్చింది. పిల్లనెత్తుకుని ఆయన దగ్గరికి పోయాను. బొడ్డు సంగతి చెప్పి, ఇది మీ దేశపు పిల్ల, దీన్ని పంపడానికి వీల్లేదని మేనేజరు దొరతో ఒక్కమాట అనండి అని బతిమాలాను. మమ్మల్ని పంపినా సరే, పిల్లను ఆయన దగ్గర వదిలిపోడానికి కూడా సిద్ధపడ్డాను. ఆయన రెండుసార్లు చెప్పించుకుని విన్నాడు. పిల్లను తీసుకుని మాడు మీద వాసన చూసి తిరిగి నా చేతుల్లో పెట్టాడు.

"నన్నూ పంపేస్తున్నారు. నా ఓడ మీకంటే ముందు," అన్నాడు.

ఏడ్చాడని చెబుతాను గాని, తన పానాలూ సుత్తులూ మూటకట్టుకుంటున్నాడు. వెళ్తూ వెళ్తూ డబ్బా మాకిచ్చేశాడు. పెనాంగ్ రేవులో మట్టిని ఓడ ఎక్కనివ్వం అన్నారు. దాన్ని గట్టు మీదే వదిలేశాం.

చికాకోలు పక్క ఊళ్ళో మా పినతండ్రి పశువుల సాలలో ఒక మూల చూపించాడు. మమ్మల్ని మలాయోళ్ళు అన్నారు. బావి దగ్గర అందరూ తోడుకున్నాక మా వంతు. తొలి ఎండాకాలం దాటకుండానే పిల్లకు జ్వరం తగిలింది, తగ్గలేదు. ఎక్కడ పూడ్చాలన్న దగ్గర పెద్దలు ఆగారు. ఈ పిల్ల ఏ ఊరిది, బొడ్డెక్కడ అని అడిగారు. ఇటలీ అన్నాను. ఆ మాట నేను పైకి అనడం అదే మొదటిసారి. అది ఏ దిక్కునుందో అక్కడ ఎవరికీ తెలియదు. ఏటి ఇసకలో ఒక చోటు చూపించి వెళ్ళిపోయారు.

కొన్నేళ్ళకు బట్టీలు మళ్ళీ వెలిగాయని తెలిసి ఇద్దరమే తిరిగొచ్చాం. తర్వాత మాకు పిల్లల్లేరు. రాజుగారి ముద్రా, పెద్ద దొరా ఒక్కొక్కరే ఆ తర్వాత నా కథలోకి వచ్చి చేరారు.

మొన్న కాఫీకడ కుర్రాడొకడు ఇంటికే వచ్చి, మాట చివర మలాయివాళ్ళ 'లా' తగిలించి నా పెళ్ళాన్ని అడిగాడు.

"అవ్వా, తాత సెప్పేది నిజమేనా లా? మీ పాప ఇటలీదా?"

ఆమె చీపురు కోసం కొబ్బరి ఈనెలు చీరుతోంది. తలెత్తలేదు.

"ఆ డబ్బా అడుగు తుప్పట్టిపోనాది. దొర తెచ్చిన మట్టి ఎప్పుడో వానకి కొట్టుకుపోనాది. మన కాలవ గట్టు మట్టి తట్టతో ఎత్తి నేనే పోసినాను, పిల్ల కడుపులో ఉండగా."

ఇన్నేళ్ళూ నాతో ఎందుకు చెప్పలేదన్నాను.

"నువ్వడిగినావేటి?" అని ఇంకో ఈనె చీరింది. "అది ఈ ఊరి పిల్ల. ఏరే ఊర్లో సచ్చిపోనాది. మద్దిలో ఇటలీ ఏటీ నేదు."