శనివారం నేను చెప్పొద్దన్న మాట

ఎనిమిదేళ్ళుగా ఒక సంగతి నా ఒక్కడికే తెలుసు. తెలిసిన మనిషి ఇంకొకామె ఉండేది. ఆమెకు ఇప్పుడది గుర్తు లేదు. అందుకే ఇంతకాలం దాచగలిగాను. దాచడానికి పెద్దగా కష్టపడలేదు కూడా, నోరు మూసుకుంటే సరిపోయింది. మొయ్యడమే చేతకాలేదు. ఇది చదివే మీరెవరో నాకు తెలియదు. తెలియని మనిషికి చెప్పుకోవడం తేలికనుకుని మొదలుపెట్టాను. నాలుగు వాక్యాలు రాసేసరికి అది కూడా నిజం కాదని తెలిసింది. అయినా రాస్తాను. ఇప్పుడాగితే మళ్ళీ మొదలుపెట్టను.

నాది సికింద్రాబాద్‌లోని మారేడ్‌పల్లి. ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం. పిచ్చి మాత్రం మోటారు రేసులది. మన దేశంలో జరిగే కార్ల రేసుల సీజన్ మొదలయ్యే ముందు, ప్రతి ఏడూ ఒక పత్రికకు వ్యాసం రాసేవాణ్ణి. ఎవరు గెలుస్తారన్నది కాదు నా విషయం. గెలిచేవాళ్ళ పేర్లు ఎవరైనా చెబుతారు. ఎవరూ లెక్కలోకి తీసుకోని ఏ టీమ్ ఈసారి ఆశ్చర్యపరుస్తుంది, ఏ డ్రైవర్ పేరు సీజన్ చివరికి అందరి నోటా ఉంటుంది, అది చెప్పేవాణ్ణి.

దానికి కొంత కష్టం పడేవాణ్ణి, అబద్ధమెందుకు. ఆఫీసుకు సెలవు పెట్టి, సికింద్రాబాద్‌లో రైలెక్కి, తమిళనాడులో టెస్టింగ్ జరిగే ట్రాక్‌కు వెళ్ళేవాణ్ణి. స్టాప్‌వాచ్ పట్టుకుని మలుపు దగ్గర ఎండలో నిలబడేవాణ్ణి. అందరూ ఒక్క ల్యాప్ ఎంత వేగంగా తిరిగారో రాసుకుంటే, నేను పన్నెండో ల్యాప్ రాసుకునేవాణ్ణి. టైర్లు అరిగాక ఎవరి కారు ఇంకా నిలకడగా ఉందో అప్పుడే తెలుస్తుంది. రెండేళ్ళు వరసగా నేను చెప్పిందే జరిగింది. ఈయన చెబితే అవుతుంది అన్నారు. ఆ మాట నాకెంత నచ్చిందో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. చూసి చెప్పడం ఒకటి, చెప్పింది జరిగి తీరాలనుకోవడం ఇంకొకటి. ఒకదాని నుంచి రెండోదానికి ఎప్పుడు జారాను? నాకు తెలియలేదా, తెలిసీ పట్టించుకోలేదా?

మూడో ఏడు శ్రావణి పేరు రాశాను.

మల్కాజ్‌గిరి అమ్మాయి. తండ్రి రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్. అప్పటికి ఆమెకు ఇరవై ఆరేళ్ళు, ఇంజనీరింగ్ చదివి ఉద్యోగం చేస్తూ సెలవుల్లో రేసులకు దిగేది. వాళ్ళ టీమ్‌కు ఉన్నది ఒక్కటే కారు. ఆ కారును చూసుకునే మెకానిక్ యూసుఫ్ భాయ్. తిరుమలగిరిలో ఆయనకు చిన్న వర్క్‌షాప్ ఉండేది. పెద్ద టీములు నాలుగేసి కార్లు, డజను మందితో దిగేచోట వీళ్ళు ఒక వ్యానులో, రెండు కుర్చీలతో దిగేవాళ్ళు. కానీ టెస్టింగ్‌లో పదిహేనో ల్యాప్‌లో కూడా ఆమె కారు తొలి ల్యాప్‌లో ఎలా తిరిగిందో అలాగే తిరిగింది. అది యూసుఫ్ భాయ్ చేతి పని. అందరికంటే ఆలస్యంగా బ్రేకు వేసి కూడా మలుపులో గీత తప్పకపోవడం ఆమె పని. వ్యాసంలో మొట్టమొదటి పేరుగా వాళ్ళదే పెట్టాను. ఈ సీజన్‌లో అందరినీ నివ్వెరపరిచేది ఈ ఒంటి కారు టీమేనని రాశాను. చదివినవాళ్ళు నవ్వారు. ఒక టీమ్ మేనేజరైతే సికింద్రాబాద్ వాడివి కాబట్టి సికింద్రాబాద్ పిల్లను పైకెత్తుతున్నావా అని ఫోన్‌లోనే అడిగాడు.

మూడు రౌండ్లు అయ్యేసరికి శ్రావణి పాయింట్లలో రెండో స్థానంలో ఉంది. నవ్విన మేనేజరు మళ్ళీ ఫోన్ చేసి, ఎట్లా కనిపెట్టావని అడిగాడు. ఒక టీవీ ఛానెల్ వాళ్ళు కూర్చోబెట్టి మాట్లాడించారు. ఇంటికి దగ్గరవాళ్ళు కావడంతో యూసుఫ్ భాయ్‌తోనూ శ్రావణితోనూ చనువు పెరిగింది. వర్క్‌షాప్‌కు వెళ్ళి గంటలు గంటలు కూర్చునేవాణ్ణి. ఆమె నన్ను అన్నా అని పిలిచేది. ఏ రేసుకు ఎట్లా దిగాలో, ఎవరిని ఎప్పుడు దాటాలో నన్నడిగేది. నాకు కారు నడపడం కూడా సరిగా రాదు. అయినా చెప్పేవాణ్ణి. ఆమె వినేది.

నాలుగో రౌండు. శనివారం పొద్దున ప్రాక్టీస్‌లో ఆమె కారు గిర్రున తిరిగి టైర్ల గోడకు గుద్దుకుంది. తనే దిగి నడిచొచ్చింది. ట్రాక్ దగ్గరి డాక్టర్ పరీక్ష చేశాడు. వేళ్ళు చూపించి ఎన్ని అన్నాడు, ఆమె సరిగ్గానే చెప్పింది. అప్పటికి ఏమీ లేదు. ఏదైనా తేడా అనిపిస్తే వెంటనే వచ్చి చెప్పమని పంపాడు. యూసుఫ్ భాయ్ కారు కింద దూరాడు. ముందు చక్రం వంగింది, బ్రేకు గొట్టం ఒకటి దెబ్బతింది. సాయంత్రానికి రెండూ మార్చేశాడు.

ఇక రాయాల్సింది ఆ మధ్యాహ్నం గురించే. ఇంతసేపూ దాన్ని వెనక్కి నెట్టడానికే ఇదంతా రాశానేమో.

భోజనాలయ్యాక, గుడారాల వెనక, నీళ్ళ డ్రమ్ముల దగ్గర ఉన్నాను. శ్రావణి వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని మెల్లగా అంది.

"అన్నా, బోర్డు మీద అంకెలు రెండు రెండు కనవడ్తున్నయ్. కడుపుల తిప్పుతుంది. డాక్టర్‌కు చెప్పాల్నా?"

జవాబు చెప్పేముందు ఏం ఆలోచించానో నాకు బాగా గుర్తుంది. ఆమె తల గురించి కాదు. చెబితే రేపు దిగనివ్వరు. దిగకపోతే పాయింట్లలో నాలుగో స్థానానికి పడిపోతుంది. మిగిలింది ఒక్క రౌండు. అంటే నేను చెప్పింది తప్పవుతుంది. పూర్తిగా తప్పు కూడా కాదు, అయ్యేదే గాని పాపం దెబ్బ తగిలింది అంటారు. ఆ 'అయ్యేదే గాని' నాకు సరిపోలేదు. ఇది రాస్తుంటే నమ్మబుద్ధి కావడం లేదు. కానీ నిజం ఇదే.

"ఎండకు గట్లనే ఉంటది," అన్నాను. "నీళ్ళు తాగి జెర పండుకో. చెప్తే రేపు దిగనియ్యరు."

"యూసుఫ్ భాయ్‌కన్న చెప్తా."

"ఆయనకు అసలే చెప్పకు. ఇప్పుడే కారు వ్యాన్ల ఎక్కిస్తడు. ఇంత దూరం వచ్చి ఒక్క రేసుకు ఆగుతవా?"

ఆమె నా ముఖంలోకి చూసింది. ఆ చూపు కుదురుగా లేదు, నా పక్కన ఇంకెవరో ఉన్నట్టు చూసింది.

"సరే అన్నా. నువ్వంటున్నవ్ గద," అని వెళ్ళిపోయింది.

అంతే. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆదివారం రేసు మూడో ల్యాప్‌లో, పొడవాటి దారి చివర కుడి మలుపు దగ్గర, ఆమె బ్రేకు వేయలేదు. లేక చాలా ఆలస్యంగా వేసింది. నేను సరిగ్గా అక్కడే స్టాప్‌వాచ్‌తో నిలబడ్డాను. ఎప్పుడూ ఆలస్యంగానే వేస్తుంది కదా అనుకున్నాను. ఆ తర్వాత చప్పుడు. మనుషులు పరిగెత్తారు. నేను పరిగెత్తలేదు.

బతికింది. చాలా వారాలు ఆసుపత్రిలో ఉంది. ఎడమ చెయ్యి ఇప్పటికీ సరిగా పనిచేయదు. మాట ముందు ఆగుతుంది, వెతుక్కుని తర్వాత వస్తుంది. తల నొప్పి మొదలైతే రెండ్రోజులు గది చీకటి చేసుకుని పడుకుంటుంది. ఆ శుక్రవారం రైలెక్కడం గుర్తుంది ఆమెకు. తర్వాత ఆసుపత్రే. మధ్యలో ఏమీ లేదు.

ఆమెకు గుర్తు లేదని వాళ్ళ నాన్న నాకు ఆసుపత్రి వరండాలో ఏడుస్తూ చెప్పాడు. నేనాయన భుజం మీద చెయ్యి వేశాను. నా లోపల ఏం జరిగిందో రాయాలి. ఊపిరి పీల్చుకున్నాను.

విచారణ జరిగింది. కారు నుజ్జయింది. ముందు బ్రేకు గొట్టం ఊడి ఉంది. గుద్దినప్పుడు ఊడిందా, అంతకు ముందే ఊడిందా, తేల్చలేమన్నారు. అదే గొట్టం, యూసుఫ్ భాయ్ శనివారం మార్చిన గొట్టం. ఎవరూ ఆయన్ను తప్పుపట్టలేదు. నిర్దోషి అని కూడా అనలేదు.

ఆ వారం పత్రిక నన్ను రాయమంది. రాశాను. ఆ వ్యాసంలో ఒక వాక్యం ఉంది: 'ప్రమాదానికి ముందు రోజు సాయంత్రమే ఆ కారు ముందు బ్రేకు గొట్టం మార్చినట్టు తెలిసింది.' ఒక్క అక్షరం అబద్ధం లేదు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలిసి పెట్టాను. ప్రమాదం వివరాల తర్వాత, విడిగా, పేరా చివర. చదివినవాళ్ళకు ఏం అర్థమవుతుందో నాకు తెలియదని ఎలా అనగలను? వాక్యాలు కూర్చడమే కదా నా పని. శ్రావణి రెండేసి అంకెలు చూసిన సంగతి రాస్తే యూసుఫ్ భాయ్ గురించి ఎవరూ అనుమానపడేవాళ్ళు కాదు. నా గురించి అడిగేవాళ్ళు. నీకు చెప్పిందా, చెబితే నువ్వేమన్నావు, అని.

టీములు ఆయన్ను పిలవడం మానేశాయి. తర్వాత మామూలు కార్లు కూడా తగ్గాయి. రెండేళ్ళకు వర్క్‌షాప్ మూసేశాడు. ఇప్పుడు వేరేవాళ్ళ షెడ్డులో బైకులు రిపేరు చేస్తున్నాడు. ఒకసారి చూడ్డానికి వెళ్ళాను. ఒక నట్టు బిగించాడు, వదులు చేశాడు, మళ్ళీ బిగించాడు. పక్కనున్న మనిషిని పిలిచి సరిగ్గా ఉందా చూడమన్నాడు. ముప్పై ఏళ్ళ పనివాడు. బోల్టు తిప్పుతూనే ఎంత బిగిసిందో వేళ్ళతో చెప్పేవాడు. నేను ఆయన వర్క్‌షాప్‌ను పోగొట్టానని చాలాకాలం అనుకున్నాను. కాదు. ఆయన చేతుల మీద ఆయనకున్న నమ్మకాన్ని పోగొట్టాను.

నేను మాత్రం ఆ తర్వాత ఇంకో రెండేళ్ళు ఆ వ్యాసం రాశాను. మానేస్తే ఎందుకని అడుగుతారని రాశాను. ఒక ఏడు నేను చెప్పింది మళ్ళీ నిజమైంది కూడా. అభినందనలు వచ్చాయి. తీసుకున్నాను.

ఇంకా చెప్పాలి. శ్రావణి దగ్గరికి ఏడాదికి మూడు నాలుగుసార్లు వెళ్తాను. వెళ్ళిన ప్రతిసారీ ఆమె ఆ శనివారం గురించి అడుగుతుంది. అక్కడున్నవాణ్ణి కదా నేను. ఏం తిన్నాం, ఎండ ఎట్లా ఉంది, గుద్దుకున్నాక తనేమంది, నవ్విందా, భయపడిందా. పోయిన రెండు రోజుల్ని నా మాటల్లోంచి ఏరుకుంటుంది. నేను ఓపిగ్గా చెబుతాను. టమాటా అన్నం తిన్నామని, ఆమె సగం వదిలేసిందని కూడా చెబుతాను. భోజనం నుంచి సాయంత్రానికి వచ్చేస్తాను. మధ్యలో ఒక ఖాళీ ఉంటుంది. ఆమెకు తెలియదు. ఇన్నిసార్లు చెప్పాక ఆ ఖాళీ ఎంత నునుపుగా తయారైందంటే, ఒక్కోసారి నాక్కూడా తట్టకుండా దాటిపోతుంది.

పోయిన నెల వెళ్ళినప్పుడు యూసుఫ్ భాయ్ అక్కడున్నాడు. ఇన్నేళ్ళలో వాళ్ళింటికి రావడం అదే మొదటిసారి. హజ్‌కు పోదామనుకుంటున్నాడట. పోయేముందు మాఫీ అడగాల్సినవాళ్ళను అడగాలని వచ్చాడు. కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు. గొట్టం బిగించినట్టే గుర్తుందనీ, కానీ ఇన్నేళ్ళుగా ఆలోచించీ ఆలోచించీ ఇప్పుడు ఏదీ ఖాయంగా చెప్పలేకపోతున్నాననీ అన్నాడు. "నా చేతులే తప్పు చేసినయ్ అనుకుంట బేటీ. మాఫ్ చెయ్," అన్నాడు.

శ్రావణి చాలాసేపు మాట కోసం వెతుక్కుంది. తర్వాత అంది, "పోనియ్ భాయ్. నువ్వు... కావాలని చేసినవా?"

ఆయన చేతుల్లో ముఖం పెట్టుకుని ఏడ్చాడు. ఆమె కుడి చేత్తో ఆయన తల నిమిరింది. నేను వాళ్ళకు మూడడుగుల దూరంలో కూర్చుని ఉన్నాను. నాకు అందాల్సిందీ కాదు, అడిగే అర్హత ఉన్నదీ కాదు, అలాంటి క్షమను నా కళ్ళముందే ఆమె ఇంకొకరికి ఇచ్చింది, ఆయన చెయ్యని తప్పుకు తీసుకున్నాడు. నోరు తెరవడానికి అంతకంటే మంచి సమయం ఉంటుందా? తెరవలేదు. వాళ్ళమ్మ టీ తెచ్చింది. తాగాను.

చెయ్యని తప్పు అని రాశాను. అది కూడా నాకు ఖాయంగా తెలియదు. నిజంగానే గొట్టం ఊడిందేమో. ఈ ఎనిమిదేళ్ళలో ఎన్నిసార్లు అలా అయ్యుండాలని కోరుకున్నానో చెప్పలేను. ఒక మంచి మనిషి చేతిలో తప్పు జరిగి ఉండాలని కోరుకుంటూ బతికాను. అయినా, గొట్టం ఊడినా ఊడకపోయినా, రెండుగా కనబడుతున్న కళ్ళతో ఆమె ఆ కారెక్కింది నా మాట మీదే. డాక్టర్‌కు చెప్పాలా అని అడిగింది. చెప్పొద్దన్నాను. ఆయనకైనా చెబుతానంది. వద్దన్నాను. నేను ముందే చెప్పింది నిజం కావడం కోసం.

దీన్ని మూడుసార్లు చేత్తో రాశాను. ఒకటి మీకు. ఒకటి యూసుఫ్ భాయ్‌కు, ఆయన ప్రయాణానికి ముందే అందాలి. ఒకటి శ్రావణికి. ఆమెకు చదివితే తలనొప్పి వస్తుంది కాబట్టి నేనే వెళ్ళి చదివి వినిపిస్తాను. భోజనం దగ్గరికి వచ్చాక ఈసారి సాయంత్రానికి దాటను. ఆ తర్వాత ఆమె ఏమంటుందో నేను చెప్పలేను. ఎవరేం చేస్తారో ముందే చెప్పే అలవాటు నాకిక లేదు.

క్షమించమని ఎక్కడా రాయలేదు, చూసుకున్నాను. రాసింది అది అడగడానికి కాదు. జరిగింది జరిగినట్టు, నా పేరుకు నా పని తగిలించి, ఒక్కసారి కాగితం మీద చూడాలనిపించింది. చూశాను. గుండె ఇంకా దడదడలాడుతూనే ఉంది. కానీ ఊపిరి ఆడుతోంది.