నడవని మగ్గాలు నాలుగు

ఆ ఉదయం పది గంటలకు నేతగదిలో ఉన్నవారు ముగ్గురు: నేత మాస్టరు, హెడ్ గుమాస్తా, నేను. ఉన్న వస్తువులు: చెక్క మగ్గాలు ఆరు, రాట్నాలు పద్నాలుగు, పొడుగు బల్ల ఒకటి, నల్లబల్ల ఒకటి. మగ్గాల్లో రెండు నిలబడి ఉన్నాయి. తక్కిన నాలుగూ విప్పిన చెక్కలుగా గోడకు ఆనించి ఉన్నాయి.

వరంగల్‌లోని మా ఉపాధ్యాయ శిక్షణ పాఠశాల ఆ ఏడే డిగ్రీ కళాశాల అవుతోంది. నేను పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి ఫిజిక్స్ ల్యాబుకు కొత్తగా వచ్చినవాణ్ణి. ల్యాబుకు ఇంకా గది లేదు. సామాను జాబితా రాసే పని నాకు అప్పగించారు. కనీసం నాలుగు మగ్గాలు నడుస్తుంటేనే నేత విభాగం ఉంటుంది. లేకపోతే మాస్టరు ఉద్యోగం పోతుంది, గది ల్యాబుకు వస్తుంది. ఈ సంగతి ముగ్గురికీ తెలుసు.

కాగితంలో గడులు రెండే: నడిచేవి, నడవనివి.

"బిడ్డా, గవి పాడైనయి గావు," అన్నాడు మాస్టరు. "నేనే విప్పి పెట్టిన. కొత్త బ్యాచ్ వచ్చినంక మొదటి పాఠం అదే. మగ్గం కూర్చరానోడు పిలగాండ్లకు నేత ఏం నేర్పుతడు?"

"ఇప్పుడు నడుస్తున్నయా సార్?"

"సైకిల్ విప్పి తుడుస్తుంటే తొక్కి చూపియ్యమన్నట్టున్నది నీ మాట."

గుమాస్తా నవ్వాడు. "డిప్లొమా పిలగాడు సార్. కొలుస్తడు గని తొక్కడు."

ఆ మాట నాకు తగిలింది.

"జర ఆగు," అన్నాడు మాస్టరు. "నీ కాగితం డాక్‌ల పోయేది మూడింటికి గద, ఇంక ఐదు గంటలున్నయి. అంతల నిలబెడ్త."

"చూసింది రాయమన్నరు సార్. నేను చూసింది రెండే."

ఆయన డోర్నకల్ వైపు మనిషి. మిషన్ బడిలో నేత నేర్చుకుని వచ్చినవాడు. ఎవరినీ బతిమాలగా చూడలేదు. "రాయి మరి," అని కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాడు. మొదటి గడిలో రెండు, రెండో గడిలో నాలుగు రాశాను. నా దస్తూరీ బాగుందని ప్రిన్సిపాల్ మెచ్చుకున్నాడు.

ఆరు వారాలకు ఉత్తర్వు వచ్చింది. నేత విభాగం రద్దు. నా జాబితాలో ఒక్క తప్పు లేదు కనుక ఎవరూ నన్ను ఏమీ అనలేదు. అబద్ధం రాసి ఉంటే కనీసం దిద్దే అవకాశమైనా ఉండేది.

సామాను అప్పగించేటప్పుడు ప్రతి వస్తువూ కూర్చి ఉండాలని నిబంధన. తీసుకోవలసింది నేనే. మాస్టరు చొక్కా విప్పి మేకుకు తగిలించి, ఎవరి సాయమూ అడగకుండా, ఒకదాని తర్వాత ఒకటి నాలుగు మగ్గాలూ నిలబెట్టాడు. ప్రతిదాని మీదా పేక నూలు మోసుకుపోయే నాడెను అటూ ఇటూ ఒకసారి విసిరి చూపించాడు. నావైపు చూడలేదు. ల్యాబు కోసం అప్పుడే వచ్చిన స్టాప్‌వాచ్ నా చేతిలో ఉంది. ఎందుకు నొక్కానో తెలియదు.

నాలుగింటికీ కలిపి రెండు గంటల నలభై నిమిషాలు.