మా పంపు ప్రోగ్రాంలో చేరిన నాలుగు ఫైళ్లు

నారాయణఖేడ్‌లో ఎవరైనా నా పని ఏమిటని అడిగితే, ఊళ్ల నీళ్ల ట్యాంకులకు ప్రోగ్రాం రాస్తానని చెబుతాను. చాలామంది తల ఊపి వేరే సంగతిలోకి వెళ్లిపోతారు. ట్యాంకు ఖాళీ అయితే పంపు నడవాలి, నిండితే ఆగాలి, దానికి ప్రోగ్రాం దేనికని వాళ్ల అనుమానం. కానీ బోరులో నీళ్లు అడుగంటినా పంపు ఆగాలి, లేకపోతే ఒట్టిగా తిరిగి కాలిపోతుంది. మూడు ఫేజుల కరెంటులో ఒకటి పోయినా ఆగాలి. వాటర్‌మన్ తన ఫోన్ నుంచి ఆపమని మెసేజ్ పంపితే ఆ క్షణమే ఆగాలి. ఇవి ఎప్పుడు జరుగుతాయో తెలియదు, రెండు ఒకేసారి జరిగినా జరగవచ్చు. అందుకని స్టార్టర్ పెట్టెలో సిమ్ కార్డు వేసిన, అరచెయ్యంత కంప్యూటర్ బోర్డు ఒకటి పెడతాం. అందులో నడిచేది నేను సీ భాషలో రాసిన ప్రోగ్రాం.

పెట్టె పని నా భాగస్వామిది. ఆయన యాభై దాటిన ఎలక్ట్రీషియన్. ఇంట్లో కన్నడం, బజార్లో తెలుగు, కోపం వస్తే ఉర్దూ. చాలా ఏళ్లుగా మోటార్ వైండింగ్ షాపు నడుపుతున్నాడు. నేను హైదరాబాద్‌లో ఒక కంపెనీలో పనిచేసి, వాళ్లు మా విభాగాన్ని ఎత్తేశాక ఊరికి వచ్చాను. ఆయన షాపు మీద ఒక గది ఖాళీగా ఉండింది. కుర్చీ, టేబులు వేసుకున్నాను. నెల తిరగకముందే ఆయన కాలిన మోటార్ ఒకటి తెచ్చి నా టేబులు పక్కన పెట్టి, "చెల్లె, గిది కాలకుంట నీ కంప్యూటర్ ఏమన్న చెయ్యగలదా?" అన్నాడు. చేయగలదన్నాను. అట్లా మొదలైంది మా పని.

మొదటి పెట్టె తయారవుతున్నప్పుడు ఆయనకు ఒక్కటే అర్థం కాలేదు.

"ఒక్క ప్రోగ్రాం గిన్ని దిక్కులు ఎట్ల సూస్తది?"

"దిక్కులు సూడదు అన్నా. ఒక్క తాన కూసుంటది. ఎవరు పిలిస్తే వాళ్ల పని చేసి, మల్లొచ్చి గదే తాన కూసుంటది."

"ఎవరూ పిలవకపోతే?"

"పండుకుంటది."

"మంచిగున్నది గా నౌకరి" అని నవ్వాడు.

ఆ కూర్చుని కాచుకునే పద్ధతినే ఈవెంట్ లూప్ అంటారు. దాన్ని నేను రాయలేదు. ఎవరో మహానుభావులు రాసి, ఎన్నో ఏళ్లు సానబట్టి, ఎవరైనా వాడుకోవచ్చని ఇచ్చిన లైబ్రరీ, అంటే సిద్ధంగా ఉన్న కోడ్, ఒకటి ఉంది. ప్రతి బోర్డులోనూ ముందు ఆ లైబ్రరీని ఇన్‌స్టాల్ చేసేదాన్ని, తరువాత నా ప్రోగ్రాంను ఎక్కించేదాన్ని. నా ప్రోగ్రాం మొదలవగానే బోర్డులో ఆ లైబ్రరీ కోసం వెతుక్కుంటుంది, దొరకగానే పనిలోకి దిగుతుంది. గదిలో కూర్చుని, మంచి ఇంటర్నెట్ పెట్టుకుని ఈ పని చేసినంత కాలం నాకు ఏ చింతా లేదు.

నాగల్‌గిద్ద దాటినాక ఉన్న ఒక ఊళ్లో పిడుగు పడి మా బోర్డు కాలిపోయింది. కొత్త బోర్డు సంచిలో వేసుకుని, ఇద్దరం ఆయన బండి మీద వెళ్లాం. ట్యాంకు కింద అప్పటికే బిందెలు వరుసలో ఉన్నాయి. ఆ ఊరి వాటర్‌మన్ నా తండ్రి వయసువాడు, మమ్మల్ని చూడగానే ఆయన మొహం విప్పారింది. "అచ్చిండ్రు, ఇగ అయిపాయె" అని బిందెల వాళ్లకు చెప్పాడు.

ఆయన అట్లా అనకుండా ఉంటే బాగుండేది. కొత్త బోర్డు కూడా పాత కంపెనీదే, కానీ దానిలోని సిస్టం కొత్తది. నా ప్రోగ్రాం ఎక్కించి నడిపితే తెర మీద ఒకే ఒక్క వాక్యం వచ్చింది. కావలసిన లైబ్రరీ దొరకలేదట. ఇంటర్నెట్ ఉంటే ఐదు నిమిషాల పని. అక్కడ సిగ్నల్ లేదు. ఫోన్ పట్టుకుని ట్యాంకు నిచ్చెన సగం దాకా ఎక్కాను. ఒక గీత వచ్చి పోయింది. దిగాను. వరుసలో ముందున్న ఒక అవ్వ, "నీరు బంతేను?" అని అడిగింది. కన్నడంలో, నీళ్లొచ్చాయా అని.

నా భాగస్వామి పెట్టెలోంచి బోర్డు తీగలు ఊడదీసి, స్టార్టర్‌ను చేత్తో నొక్కి పంపు నడిపాడు. మధ్యాహ్నం దాకా ఆ పెట్టె ముందే రాయి మీద కూర్చుని, మీటర్ ముల్లు చూస్తూ, వాటర్‌మన్ కేకేసినప్పుడల్లా ఆపుతూ, నడుపుతూ ఉన్నాడు. నేను రాసిన ప్రోగ్రాం చేయాల్సిన పని మొత్తం ఆ రోజు ఒక మనిషి చేశాడు, నేను పక్కన నిలబడి చూశాను.

వచ్చేటప్పుడు కందిచేల మధ్య బండి ఆపి నీళ్లు తాగుతూ, "పరేషాన్ గాకు చెల్లె. రేపు గా లైబ్రరీ దెచ్చుకొని మల్లొద్దాం" అన్నాడు.

"రేపు దెస్తం. ఎల్లుండి ఇంకో ఊర్ల ఇంకో బోర్డు కాలితే? గా లైబ్రరీ ఉన్నదా లేదా అని ఏ ఊర్లనూ అడగొద్దు. నా ప్రోగ్రాంలనే ఉండాలె."

"ఐతదా?"

"ఐతది."

ఆ మాట అన్నప్పుడు నాకు పూర్తిగా తెలుసు, అవుతుందని. ఆ లైబ్రరీతో వచ్చే వివరాల్లో ఆఖరున ఒక భాగం ఉంటుంది. దీన్ని విడిగా ఇన్‌స్టాల్ చేయనక్కరలేదు, కావాలంటే మేం రాసిన కోడ్ ఉన్న సోర్స్ ఫైళ్లనే తీసుకుని మీ ప్రోగ్రాంలో కలుపుకోండి, ఈ ఈ ఫైళ్లు చాలు అని రాసినవాళ్లే చెప్పారు. ఎన్నోసార్లు చదివి, ఇది నాకెందుకులే అని వదిలేసిన భాగం అది.

మర్నాడు పొద్దున పని మొదలుపెట్టే ముందు హైదరాబాద్‌లోని నా పాత సీనియర్‌కు ఫోన్ చేశాను. సలహా కోసం కాదు, నా నిర్ణయాన్ని ఎవరైనా గట్టిగా తిడితే అది నిలబడుతుందో లేదో తెలుస్తుందని. ఆయన నిరాశపరచలేదు.

"పరాయివాళ్ల కోడ్ తెచ్చి నీ ఫోల్డర్‌లో వేసుకుంటావా? రేపు వాళ్లు అందులో తప్పు దిద్దితే నీకెవరు చెబుతారు?"

"నేనే చూసుకుంటాను సార్."

"పైగా ఒక సీ ఫైల్‌ను ఇంకో సీ ఫైల్‌లో ఇన్‌క్లూడ్ చేస్తానంటున్నావు. నీకు నేను నేర్పిన పద్ధతేనా ఇది?"

"కాదు సార్. ఆ లైబ్రరీ రాసినవాళ్లు చెప్పిన పద్ధతి."

అయితే లైబ్రరీని ముందే విడిగా కంపైల్ చేసి, అంటే బోర్డుకు అర్థమయ్యే రూపంలోకి మార్చి, అతికించుకోవచ్చు కదా అన్నాడు. అవును, అదీ ఒక దారి. కానీ మా దగ్గర రెండు రకాల బోర్డులున్నాయి, ప్రతిదానికీ వేరేగా తయారుచేసి దాచుకోవాలి. సోర్స్ చేతిలో ఉంటే ఏ బోర్డుకైనా నా ప్రోగ్రాంతో పాటే అదీ తయారవుతుంది. పైగా మాకు ఫైళ్లు, తీగల మీద వచ్చే సంకేతాలు, టైమర్లు తప్ప ఇంకేమీ వద్దు. మిగతా సదుపాయాలు తీసేయవచ్చు. ఇదంతా చెప్పాక ఆయన, "సరే, నువ్వు ముందే తేల్చేసుకున్నావు" అని ఫోన్ పెట్టేశాడు. నిజమే.

నాలుగు ఫైళ్లు తెచ్చుకున్నాను. వాటి కోసం చిన్న ఫోల్డర్ చేశాను. ఏ సదుపాయం కావాలో ఏది వద్దో చెప్పే అమరికల ఫైలు ఒకటి నేను సొంతంగా రాశాను. ఆ తరువాత నా ప్రోగ్రాం పైన ఆ ఫైళ్లను లోపలికి తెచ్చే ఒక్క ఇన్‌క్లూడ్ వాక్యం. అంతే, వేల వాక్యాల కోడ్ నా ప్రోగ్రాంలో భాగమైపోయింది. మొదటిసారి కంపైల్ చేస్తే తెర నిండా హెచ్చరికలు వచ్చాయి, కానీ అన్నీ చదివితే భయపడాల్సింది ఒక్కటీ లేదు. కొత్త బోర్డు మీద అది నడిచింది. పాత రకం బోర్డుకు తయారుచేస్తుంటే మాత్రం, గడియారం చూసే ఫంక్షన్ ఒకటి దొరకలేదని ఆగిపోయింది. అమరికల ఫైలులో దానికి సంబంధించిన అంకె ఒకటి ఉంది. రెండు రకాల బోర్డులకూ అదే అమరికల ఫైలు, అందులో దాన్ని సున్నా చేశాను. అదీ నడిచింది. గొప్పగా అనిపించింది.

ఆ లైబ్రరీకి ఒకే షరతు. రాసినవాళ్ల హక్కుల మాటలను ఎక్కడ వాడినా అట్లాగే ఉంచాలి. ఆ పేరాను ప్రింట్ తీసి, ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి, ప్రతి పెట్టె తలుపు లోపల అతికించాను. నా భాగస్వామి దాన్ని అక్షరం అక్షరం చూశాడు.

"గిదేంది?"

"గా నాలుగు ఫైళ్లు రాసినోళ్లది. గీ మాటలు తీసెయ్యొద్దని షరతు."

"మంచిది. ఉండని" అన్నాడు. తరువాత చేసిన పెట్టెలన్నింటికీ ఆ కాగితం ఆయనే అతికించాడు, నాకంటే తిన్నగా.

నాగల్‌గిద్ద అవతలి ఊరికి మళ్లీ వెళ్లాం. ఈసారి ఒకటే ఫైలు. కాపీ చేశాను, నడిపాను, పంపు అందుకుంది. వాటర్‌మన్ నా వైపు అనుమానంగా చూసి, "గంతేనా?" అన్నాడు. గంతేనన్నాను. ఆ వారంలోనే మిగతా ఊళ్లన్నింటికీ, ఏ రకం బోర్డుకు తయారైనది దానికి, అట్లాగే ఒక్కో ఫైలు ఎక్కించాం.

కొన్నాళ్లకు అదే వాటర్‌మన్ ఫోన్ చేశాడు. ఫోన్ కోసం ఊరు దాటి రోడ్డు దాకా నడిచి వచ్చాడట.

"బిడ్డా, కరెంటు పోయొచ్చినంక మోటర్ సురువైతుంది, జరసేపట్లనే బందైతుంది. ట్యాంకు సగం గూడ నిండుతలేదు."

"రోజూ గట్లనే ఐతుందా పెద్దయ్యా?"

"ఒక్కోనాడు ఐతది, ఒక్కోనాడు గాదు. మనకు సిగ్నల్ గాలివాటం లెక్కనే వస్తది గద, గట్లనే ఇదిగూడ."

ఆయన ఊరికే పోలికకు అన్న ఆ మాటే నాకు దారి చూపింది. షాపులో ఉన్న బోర్డుకు కరెంటు తీసి, పెట్టి, పదిసార్లు చూశాను. ఇంటర్నెట్ తీగ పీకేస్తే తప్పు రాలేదు. తీగ పెట్టిన కాసేపటికి ప్రోగ్రాం పంపును ఆపమంది. లైబ్రరీ ఇదివరకటిలా బయట ఎక్కడో ఉండి ఉంటే ఇక్కడ తల పట్టుకునేదాన్ని. ఇప్పుడు దాని కోడ్ నా ముందే ఉంది. అందులో సమయం చూసే చోటికి వెళ్లి, ఆ సమయాన్ని తెర మీద చూపమని ఒక వాక్యం రాసి, మళ్లీ నడిపాను. బోర్డుకు బ్యాటరీ గడియారం లేదు. కరెంటు రాగానే ఎప్పటిదో పాత తేదీతో లేస్తుంది. సిగ్నల్ అందగానే ఇవాళ్టి తేదీకి ఒక్క గెంతు గెంతుతుంది. పంపును నలభై నిమిషాలు నడపమని నేను పెట్టిన టైమర్‌కు ఆ గెంతుతో ఏళ్లకు ఏళ్లు గడిచినట్టు లెక్క. వెంటనే ఆపేస్తుంది.

లైబ్రరీ రాసినవాళ్లు దీన్ని ముందే ఆలోచించారు. తేదీతో సంబంధం లేకుండా ముందుకే నడిచే ఇంకో గడియారాన్ని చూసే ఏర్పాటు అందులో ఉంది. దాన్ని ఆపింది నేనే. కంపైల్ కావడం లేదని ఆరోజు నేను సున్నా చేసిన అంకె అదే. ఆ పాత రకం బోర్డుకు కంపైల్ చేసేటప్పుడు ఇచ్చే ఆదేశంలో ఒక చిన్న మాట అదనంగా చేర్చి ఉంటే సరిపోయేది.

కాసేపు సిగ్గుగా కూర్చున్నాను. ఆ తరువాత అంకెను ఒకటి చేశాను, ఆ మాట చేర్చాను, బోర్డు తేదీని నా చేత్తోనే వెనక్కీ ముందుకూ గెంతించాను. టైమర్ చలించలేదు. నలభై నిమిషాలు పూర్తిగా కూర్చుని చూశాను.

కిందికి దిగి నా భాగస్వామికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన వైండింగ్ తీగ చుట్టడం ఆపకుండానే విన్నాడు.

"తప్పు వాళ్లదా, నీదా?"

"నాదే."

"సక్కగైందా?"

"ఐంది."

"మరి బండి తియ్యి. జల్దీ పోయొద్దాం."

ఊళ్లో వాటర్‌మన్‌కు కూడా అదే చెప్పాను. తప్పు బోర్డుది కాదు, కరెంటుది కాదు, నాది అని. ఆయన కొంచెం ఆశ్చర్యంగా చూసి, "గట్ల చెప్పినోళ్లను తక్కువనే సూసిన" అని, మాకు జొన్నరొట్టె పెట్టించాడు. పంపు నిండా నలభై నిమిషాలు నడిచింది. మేము తినడం అయ్యేసరికి ట్యాంకు నిండి, దానంతట అదే ఆగింది.

ఇప్పుడు ఆ లైబ్రరీకి కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టుకుని ఏం మారిందో చదువుతాను. మాకు పనికొచ్చే మార్పు ఉంటే తీసుకుంటాను, లేకపోతే ఉన్నదే ఉంచుతాను. సీనియర్ భయపెట్టినంత భారం కాదది, ఏడాదిలో ఒకటి రెండు పొద్దులు పడుతుంది. మొన్న ఆయనే ఫోన్ చేశాడు. వాళ్ల కంపెనీలో ఏదో చిన్న పరికరానికి ఇదే ఇబ్బంది వచ్చిందట.

"నీ అమరికల ఫైలు ఒకసారి పంపుతావా?"

"పంపుతాను సార్. గడియారం అంకె పక్కన ఒక గమనిక రాసి ఉంటుంది, అది మాత్రం చదవకుండా ముందుకు పోకండి" అన్నాను.

ఆ ఫైలు అప్పుడే పంపించేశాను. కల్హేర్‌లో ఆ రోజు సంత, ఆటోలతో దారి మూసుకుపోకముందే కొత్త పెట్టె బిగించాలని నా భాగస్వామి కింద నుంచి హారన్ కొడుతున్నాడు.