మగ్గం మనిషికి దొర పరుపు

అది పంతొమ్మిది వందల పదకొండు. ఆకాశంలో తోకచుక్క కనబడితే లోకం మునిగిపోతుందని అందరూ భయపడి, ఏమీ మునగకపోయేసరికి మళ్లీ ఎవరి పనుల్లో వాళ్లు పడిన మరుసటి ఏడు. వేలూరు దగ్గరి గుడియాత్తం బజారులో నేను పరుపుల అంగడి పెట్టి అప్పటికి నాలుగేళ్లయింది.

మాది మగ్గం ఇల్లే. మా తాత, మా నాయన గుంట మగ్గం మీద లుంగీలు నేసినవాళ్లు. ఇంట్లో నేలను గుంటగా తవ్వి, దాని అంచున కూర్చుని, కాళ్లు లోపలికి వదిలి, అడుగునున్న పలకలను తొక్కుతూ నేసే మగ్గం అది. నాకు ఆ గుంటలో గంటసేపు కూర్చుంటే కాళ్లు తిమ్మిరెక్కేవి. మా నాయన తిట్టి తిట్టి విసిగిపోయి, వేలూరులో పరుపులు కుట్టే ఒక పెద్దాయన దగ్గర పనికి పెట్టాడు. తొమ్మిదేళ్లు అక్కడే ఉండి పని నేర్చుకున్నాను.

పరుపు పని చూడటానికి తేలిక. దూదిని విల్లుతో ఏకాలి. టిక్కింగ్ అనే దళసరి చారల గుడ్డతో సంచి కుట్టి అందులో నింపాలి. ఆ తర్వాత జానెడు జానెడు దూరాన దబ్బనంతో పైనుంచి కిందికి దారం దించి ముడి వేయాలి. దీన్ని టఫ్టింగ్ అంటారు. అది సరిగా పడకపోతే లోపలి దూదంతా ఒక మూలకు చేరిపోతుంది, ఆరు నెలల్లో పరుపు కాస్తా మూటవుతుంది. నా టఫ్టింగ్ చెదరదని వేలూరులో పేరు. అక్కడ ఒక తెల్లదొరకు మూరెడు ఎత్తున బూరుగు దూది పరుపు కుట్టి ఇస్తే, ఆయన దాని మీద వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకుని "గుడ్" అన్నాడు. ఆ ఒక్క మాటను నేను గుడియాత్తంలో నాలుగేళ్లు అమ్ముకున్నాను. నాకు చేతి పని ఎంత వచ్చో నోటి పని అంతకు రెండింతలు వచ్చు. ఈ కథలో తప్పంతా ఆ నోటిదే.

ఒకరోజు పొద్దున గోపాలు అంగడికి వచ్చాడు. మా వీధి నారాయణప్ప మామ కొడుకు. నూలు వ్యాపారంలోకి దిగి కాస్త నిలదొక్కుకున్నాడు.

"అన్నా, మా నాయనకు నడుము పట్టేసింది. గుంటలోనుంచి లేవాలంటే ఇద్దరం పట్టుకోవాల. రాత్రులు నిద్ర లేదు. మంచి పరుపు ఒకటి కుట్టియ్యి."

"దొరకు కుట్టినట్టే కుడతాను, నువ్వు దిగులుపడకు" అన్నాను.

"దీంతో బాగైతే సరి. లేకుంటే ఆ గుంట పూడ్చేస్తా. ఆడ నూలు పెట్టుకునేదానికి గది కట్టిస్తా. అరవై దాటినాయి, ఇంకా యాడ నేస్తాడన్నా? పడిపోతే దిక్కెవరు?"

గోపాలు చెడ్డవాడు కాదు. తండ్రి బాధ చూడలేక అన్న మాట అది. కానీ మంచం కొలత తీసుకోవడానికి ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్లినప్పుడు, నారాయణప్ప మామ నా చెయ్యి పట్టుకుని మగ్గం దగ్గరికి తీసుకుపోయాడు. సన్నటి మనిషి, నిలబడినా ముందుకు వంగే ఉంటాడు. మగ్గం మీద నీలం, తెలుపు గళ్ల లుంగీ సగం నేసి ఉంది.

"పన్నెండో ఏట దిగినానప్పా దీంట్లోకి. మా నాయన తవ్విన గుంట ఇది. పూడ్చేస్తే నేను పొద్దున లేచి యాడికి పోయేది, చెప్పు? వాకిట్లో కూర్చుని పోయేవాళ్లను లెక్కపెట్టుకుంటా ఉండాలా?"

"నా పరుపు మీద పది రోజులు పడుకో మామా. పదకొండో రోజు నువ్వే ఎగిరి గుంటలోకి దూకుతావు."

చూశారా నా నోరు!

మంచం నిడివి, వెడల్పు దారంతో కొలుచుకున్నాను. మనిషిని మాత్రం కొలవలేదు. ఆయనెలా పడుకుంటాడో అడగనూ లేదు. మా పనిలో అప్పట్లో ఎవరమూ అడిగేవాళ్లం కాదు. మంచం ఎంతో పరుపు అంత, అదే లెక్క.

వారం రోజుల్లో పరుపు తయారయింది. వీధిలో అది మొదటి పరుపు. చాప మీదా, మరీ అయితే బొంత మీదా పడుకునే వీధి మాది. అందరూ వచ్చి చూశారు. అరచేత్తో నొక్కి చూసినవాళ్లు నొక్కారు, అంచున కూర్చుని లేచినవాళ్లు లేచారు. పడుకుని చూసినవాడు ఒక్కడూ లేడు. పట్టపగలు నలుగురి ముందు నడుము వాలిస్తే జబ్బుమనిషి అంటారని మావాళ్లకు మహా సిగ్గు. నారాయణప్ప మామ కూడా రెండు వేళ్లతో తాకి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"దీని మీద ఎట్లా పడుకునేదప్పా?" అని అడిగాడు, కొత్త మగ్గం ఎలా నడపాలని అడిగినట్టు.

అప్పుడు చెప్పాను ఆ మాట. "దొర ఎట్లా పడుకున్నాడో అట్లాగే మామా. వెల్లకిలా, కాళ్లు బారజాపి, చేతులు రెండు పక్కలా పెట్టుకుని. కదలకూడదు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వుకుంటూ ఇంటికి వచ్చాను.

నెల తిరక్కుండానే మామ భార్య మునెమ్మ అత్త అంగడికి వచ్చింది. మెట్టు మీద కూర్చుని, కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఏమత్తా, మామకు ఎట్లా ఉండాది?"

"ఏం చెప్పేది నాయనా. నీ పరుపు వచ్చినాక తూక్కమే లేదు ఆయనకు, రాత్రంతా కన్ను మూయడు. పొద్దున లేస్తే నడుం కట్టె మాదిరి బిగుసుకోని ఉంటాది. నీకు చెప్పొద్దు, ఆ పిల్లోడు మనసు నొచ్చుకుంటాడు అంటాడు. గోపాలు బండెడు మట్టి తోలించినాడు. వాకిట్లో పోసి ఉండాడు, గుంట పూడ్చేదానికి."

నాకు బాధ వేసింది. అంతకంటే ముందు కోపం వచ్చిందని కూడా ఒప్పుకోవాలి. దొర మెచ్చిన పరుపు నేతగాడికి పనికిరాకపోవడమేమిటి? మెత్తదనం చాలలేదేమో అనుకుని, పరుపు తెప్పించి, కుట్లు విప్పి, ఇంకో రెండు వీశెల బూరుగు దూది దట్టించి పంపాను. నాలుగో రోజుకు మామ గోడ పట్టుకుని నడుస్తున్నాడని తెలిసింది.

ఇక అంగడిలో కాలు నిలవలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక వాళ్లింటికి వెళ్లాను. వాకిట్లో మట్టికుప్ప నిజంగానే ఉంది. దాన్ని చుట్టి లోపలికి పోతుంటే మునెమ్మ అత్త నోటి మీద వేలు పెట్టి సైగ చేసింది.

"సుమ్మా ఉండు, లేపొద్దు. ఈ ఒక్క గంటే ఆయన నిద్ర. పగలు మగ్గం కాడ పడుకుంటేనే పడతాది."

తొంగి చూశాను. మగ్గం పక్కన చాప. దాని మీద ఎడమ వైపుకు ఒత్తిగిల్లి, వీపు గోడకు ఆనించి, మోకాళ్లు కడుపు దాకా ముడుచుకుని, మోకాళ్ల నడుమ పాత లుంగీల మూట ఒకటి పెట్టుకుని మామ పడుకుని ఉన్నాడు. చిన్నగా గురక కూడా పెడుతున్నాడు. గుంట మగ్గంలో కూర్చున్న మనిషిని ఉన్నవాణ్ణి ఉన్నట్టు ఎత్తి పక్కకు వాల్చితే ఎలా ఉంటాడో, అచ్చం అలా ఉన్నాడు. యాభై ఏళ్లు అలా కూర్చున్న నడుము అది. దాన్ని రాత్రంతా బారుగా సాగదీసి పడుకోబెడితే ఏమవుతుంది?

అప్పుడు మా నాయన గుర్తొచ్చాడు. ఆయనా అలాగే పడుకునేవాడు. మా వీధిలో నేసేవాళ్లందరూ అలాగే పడుకుంటారు. మగ్గం ఇంట్లో పుట్టి, వాళ్ల మధ్య పెరిగి, ఈ సంగతి నాకు తట్టకపోయిందంటే సిగ్గుతో తల వంగిపోయింది. దొర నిద్ర తెలిసింది కానీ మా నాయన నిద్ర తెలియలేదు నాకు.

మామ లేచాక పక్కన కూర్చుని అడిగాను. "ఇంత బాగా పడుకుంటా ఉండావే మామా. పరుపు మీద కూడా ఇట్లాగే పడుకోకూడదా?"

ఆయన నన్ను వింతగా చూశాడు. "నువ్వే కదప్పా చెప్పినావు? దొర మాదిరి వెల్లకిలా, కదలకుండా అని. అంత మర్యాదగా కుట్టిచ్చిన పరుపు మీద కుక్కపిల్ల మాదిరి ముడుచుకుంటే బాగుంటాదా? కదలకుండానే పడుకున్నా, ఒక్క రోజు తప్పలేదు."

నెల రోజులు! నేను నవ్వులాటకు అన్న మాటను గురువు చెప్పిన పాఠంలా పాటించాడు ఆ మనిషి. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండు చేతులూ పట్టుకుని తప్పయిందన్నాను.

ఆ సాయంత్రమే గోపాలును కలిశాను.

"ఆ మట్టి ఇంకో పదిహేను రోజులు అట్లాగే ఉండనీ. పరుపు తిరగ కుడతాను. తప్పు మామ నడుముది కాదు, నాది."

గోపాలు వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకున్నాడు. "పదిహేనే అన్నా. పదహారో పొద్దు పార పడతా" అన్నాడు.

మర్నాడు నారాయణప్ప మామను అంగడికి రమ్మన్నాను. గోడ పట్టుకుంటూ, ఆగి ఆగి వచ్చాడు. ఈసారి మంచం కొలత జోలికి పోలేదు. వాళ్ల నులక మంచం నడుమ ఉయ్యాలలా జారిపోయి ఉందని, దాని మీద ఏ పరుపు వేసినా గుంటే అని అప్పటికి బుద్ధి వచ్చింది. దాని బదులు బల్ల మంచం పెట్టమని గోపాలుకు చెప్పాను. దొర పరుపును మొత్తం విప్పేశాను. అడుగున కొబ్బరి పీచు గట్టిగా పరిచి, పైన ఏకిన పత్తి వేసి, ఎత్తు సగానికి తగ్గించాను. పైన కుట్లు వేయకుండానే అంగడి మధ్యలో పరిచి, "పడుకో మామా" అన్నాను.

"ఈడనా? ఇంతమంది ముందరా?"

"ఈడనే. సిగ్గుపడితే మట్టి పడతాది గుంటలో."

ఆ మాటతో పడుకున్నాడు. మోకాళ్లు ముడిచి, ఎడమ వైపుకు తిరిగి, కళ్లు గట్టిగా మూసుకుని. బజారులో పోయేవాళ్లు ఆగిపోయారు. ఎవరికేమైంది, మూర్ఛా, నీళ్లు తెండి అని ఒకాయన అరిచాడు. చెంబుతో నీళ్లు తెచ్చినావిడను బతిమాలి వెనక్కి పంపాను. మామకు అదేమీ పట్టలేదు. "ఈడ భుజం కింద ఒత్తుతాదప్పా" అన్నాడు. అక్కడ పిడికెడు పీచు తీసి పత్తి పెట్టాను. "తుంటి కాడ కూడా." అక్కడా మార్చాను. ఒత్తిగిల్లి పడుకునేవాడి బరువంతా భుజం మీదా తుంటి మీదా పడుతుందని, ఆ రెండు చోట్లే మెత్తగా ఉండి మిగతాదంతా గట్టిగా ఉండాలని నాకు ఎవరూ నేర్పలేదు. ఆయనే నేర్పాడు, పడుకునే. మోకాళ్ల నడుమ మూటకు బదులుగా ఒక పొడుగు దిండు కుట్టి పెట్టాను. అది కాళ్ల మధ్య దూరగానే ఆయన నడుములో బిగువు సడలడం నా కళ్లకే కనబడింది.

"ఇప్పుడెట్లా ఉంది మామా?"

జవాబు లేదు. మళ్లీ అడిగాను. నిద్రపోయాడు! ఎదురంగడిలో బేరాలు సాగుతున్నాయి, ఎద్దుల బండ్లు పోతున్నాయి, చూడ్డానికి చేరిన జనం గుసగుసలాడుతున్నారు. ఆ గోలలో నారాయణప్ప మామ గురకపెట్టి నిద్రపోయాడు. నేను అందరినీ తోలేసి, వాకిట్లో గోనెపట్టా అడ్డం కట్టి, బేరాలు మానుకుని కూర్చున్నాను. అంత సంతోషం నాకు దొర "గుడ్" అన్నప్పుడు కూడా కలగలేదు.

పదహారో పొద్దున వాళ్లింటికి వెళ్లాను. వెళ్లేటప్పుడు దిగులుగానే ఉంది. వీధి మలుపు తిరిగేసరికి మగ్గం మీద దారం మోసే నాడె అటూ ఇటూ పరిగెత్తే చప్పుడు వినబడింది. మా వీధిలో ప్రతి ఇంట్లోనూ అదే చప్పుడు, ఎవరిదో పోల్చుకోవడం కష్టం. వాకిట్లో గోపాలు నిలబడి ఉన్నాడు, చేతిలో పార. మట్టికుప్ప సగానికి సగం తరిగిపోయి ఉంది.

"పూడ్చేసినావా గోపాలూ?"

అతను నవ్వి, లోపలికి చూడమని తల ఊపాడు. మునెమ్మ అత్త ఆ మట్టి తడిపి, యాభై ఏళ్లుగా అరిగిపోయిన గుంట అంచును మెత్తుతోంది. మామ కూర్చునే చోట ముందే చెయ్యి వెడల్పున ఎత్తు పెంచి, నున్నగా అలికి పెట్టింది. అప్పటికే ఆరిన ఆ ఎత్తు మీద కూర్చుని ఆయన నేస్తున్నాడు. నన్ను చూసి నాడె ఆపలేదు.

"ఎత్తు పెంచినాక నడుము ఇంకా బాగుండాదప్పా. గోపాలే చెప్పినాడు పెంచమని. మట్టి ఊరికే పోకూడదంట" అన్నాడు.

ఆ తర్వాత ముప్పై ఏళ్ల పైన పరుపులు కుట్టాను. ఆ రోజు నుంచి నా అంగడిలో ఒక మూల చాప పరిచే ఉంటుంది. ఎవరొచ్చినా ముందు మంచం సంగతి అడగను. "ఎట్లా పడుకుంటావు, ఒకసారి పడుకుని చూపించు" అంటాను. ఆడవాళ్లొస్తే నా భార్య తెర వెనక ఆ పని చూసుకుంటుంది. సిగ్గుపడేవాళ్లకు నారాయణప్ప మామ కథ చెబుతాను. మనిషి తనకు ఎలా హాయిగా ఉంటుందో అలాగే పడుకోవాలి, దానికి తగ్గట్టు పరుపు ఉండాలి. ఎలా పడుకోవాలో చెప్పడం పరుపులవాడి పని కాదు. ఆ సంగతి నేర్చుకోవడానికి నాకు ఒక మనిషి నెల రోజుల నిద్ర ఖర్చయింది.

మామ ఆ గుంటలో ఇంకో తొమ్మిదేళ్లు నేశాడు. నేను ఇప్పుడు కట్టుకున్న నీలం గళ్ల లుంగీ ఆయన నేసిందే. అంచులు పీచులేచినా, నా భార్య ఎన్నిసార్లు అడిగినా, పాతగుడ్డలకు వేయనివ్వలేదు.