ఊ కొట్టే అయ్యగారు

బుధవారం పొద్దున అంబలికి చోడిపిండి జల్లిస్తుంటే ఫోను మోగింది. "అయ్యగారు పోయారు" అంది అవతల గొంతు. "ఏ అయ్యగారు?" అన్నాను. మా చర్చి సంఘకాపరి అని నా బుర్రకి ఎక్కనే లేదు. ఎలా ఎక్కుతుంది చెప్పండి? ముందురోజు సాయంత్రమే మా అరుగు మీద కూర్చుని అంబలి తాగి, "ఉప్పు తక్కువేసినావమ్మా" అని వెక్కిరించి వెళ్లిన మనిషి! సైకిల్‌కి గాలి కొడుతూ కొడుతూ పడిపోయారంట. ఇది రాస్తున్నా నాకింకా నమ్మకం కుదరడం లేదు.

మాది పొందూరు దగ్గర చిన్న బాప్టిస్టు సంఘం. ఆదివారం పాటలయ్యాక సాక్ష్యాలు. దేవుడు మన బతుకులో ఏం చేశాడో లేచి చెప్పాలి. అయ్యగారిది ఒకటే షరతు, ఈ వారం జరిగిందే చెప్పాలి. ఒక పెద్దాయన తాను తాగుడు మానిన కథ ఏళ్ల తరబడి ఎత్తుకునేవాడు. "అది సద్దికూడు మావా. ఈ వారం ఏటయినాదో సెప్పు" అనేవారు అయ్యగారు. ఆయన తల గోక్కుంటూ కూర్చునేవాడు.

నేను రైతుల ఇంటినుంచి ఈ సంఘంలోకి కోడలిగా వచ్చినదాన్ని. మొదటిసారి సాక్ష్యానికి లేచాను. "మా గేదె..." అని ఆగిపోయాను.

"ఊ" అన్నారు అయ్యగారు, కథ వింటున్న పిల్లాడిలా.

"ఈనలేక నానా బాధా పడ్డాది."

"ఊ."

"పెయ్యదూడ. రెండూ బాగున్నాయి."

అందరూ గొల్లున నవ్వారు. "ఏటర్రా నవ్వుతారు? గేదె నొప్పులు దేవుడికి తెలవవేటి?" అని కసిరారు. మా సంఘంలో నోరులేని వాళ్లందరం ఆ ఊ పట్టుకునే మాట్లాడడం నేర్చుకున్నాం. ప్రసంగం మాత్రం ఆయనకి అంత బాగా వచ్చేది కాదు, నిజం చెప్పాలి. నాకు నిద్రొచ్చేది.

ఆదివారం ఆయన జ్ఞాపకార్థం ఆదరణ కూడిక పెట్టారు. వేరే ఊరి కాపరి వచ్చి సాక్ష్యాలు చెప్పమన్నారు. లేచినవాళ్లందరూ పాత సంగతులే. ఎప్పుడో తమ జ్వరానికి అయ్యగారు ప్రార్థన చేశారని ఒకరు, ఎప్పుడో గొడవ సర్దారని ఒకరు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇదంతా ఆయన ఒప్పుకునేవారా? కానీ ఈ వారం జరిగిందంటే ఏముంది, ఆయన పోవడం తప్ప? దాన్ని ఏ నోటితో దేవుడి పని అని చెప్పను? అలాగని లేవకపోతే ఆయన షరతు కూడా ఆయనతోనే పోతుంది. లేచాను.

"ఈ వారం మా అయ్యగారు పోయారు" అన్నాను. ఆగాను. అలవాటు కదా, అక్కడ ఊ రావాలి. రాలేదు.

"నాకు దేవుడి మీద కోపంగా ఉన్నాది. ఇదే నా సాక్ష్యం."

కూర్చోబోయాను.

ఆడవాళ్ల వైపు చాప మీద, ముసుగు ముఖం మీదికి లాక్కుని ఆయన భార్య, మేమంతా అమ్మగారని పిలిచే ఆవిడ, కూర్చుని ఉన్నారు. పొద్దుటినుంచి ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు. తల ఎత్తకుండానే అన్నారు.

"ఊ."